న్యాయమైన వాడకం

ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన ఆయన్ని అందరూ అచ్చుతప్పులాయన అనేవాళ్లు. ఇంటికి ఉత్తరం వస్తే సంగతి తర్వాత, ముందు తప్పులే చూసేవాడు.

రిటైరయ్యాక ఒక ఇంటర్నెట్ కంపెనీ తన కరపత్రాన్ని తెలుగు చెయ్యమంది. పైన గుమ్మడికాయంత అక్షరాల్లో 'అన్‌లిమిటెడ్'. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, నెలకింతని పెట్టిన 'ఫెయిర్ యూసేజ్' దాటితే వేగం తగ్గిస్తామని. చెయ్యి తిరిగిన దొంగ కూడా అంత చిన్న సందులో దూరలేడు. ఆ మాట కోసం ఆయన రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని 'న్యాయమైన వాడకం' అని రాశాడు. రాసి మురిసిపోయాడు. ఇంటికి ఆ కనెక్షనే పెట్టించుకున్నాడు కూడా.

ఆయన భార్య ఆ నెట్ మీదే పదిమందికి కుట్టుపని నేర్పుతుంది. పద్దెనిమిదో తారీఖున వీడియో ఆగిపోయి, ఆమె గుడ్డలో గుచ్చిన సూది తెరమీద ఇవతలికి రాలేదు. ఆయన కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"మీరు న్యాయమైన వాడకం దాటారండి. ఒకటో తారీఖు దాకా ఇంతే," అంది అవతలి అమ్మాయి.

"అన్‌లిమిటెడ్ అన్నారు కదమ్మా."

"వాడుకోవడం అన్‌లిమిటెడ్డేనండి. వేగం కాదు."

భార్యకు ఒళ్లు మండింది. "అయితే నేను కుట్టు నేర్పడం అన్యాయమా? ఏ చవట రాశాడో ఆ మాట."

"ఎవడో," అన్నాడాయన.

ఆమె లోపలికి వెళ్లాక కరపత్రం తీశాడు. ఎర్ర పెన్ను పట్టుకుని ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. ఒక్క అక్షరం తప్పు లేదు.