కట్టుబాటుకు అందని కాలు

మొన్న సూర్యాపేటలో మా కోడలి దగ్గరికి ఇన్సూరెన్సు ఏజెంటు ఒకాయన వచ్చాడు. రంగురంగుల కాగితాలు పరిచి, జ్వరమొస్తే ఇంత, కాలు విరిగితే ఇంత, మంచాన పడితే నెలనెలా ఇంత అని చాలాసేపు చెప్పాడు. కోడలు నోరు తెరుచుకుని విన్నది. నేను ఒక్కటే అడిగాను, ఎప్పుడెప్పుడు ఇవ్వరో అది ముందు చెప్పు నాయనా అని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, మీరు ఏ ఆఫీసులో పనిచేశారమ్మా అన్నాడు. గొర్రెల వెంట పనిచేశానన్నాను. ఆ ప్రశ్న విలువ నాకు పెళ్ళీడులోనే తెలిసింది. తెలిసేలా చేసిన మనిషి మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.

మాది హుజూర్‌నగర్‌కూ కోదాడకూ నడుమ ఒక చిన్న ఊరు. మేం గొల్లలం. నిజాం రాజ్యం అప్పటికింకా పోలేదు. మా ఊరి గొల్లల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరికైనా జ్వరమొస్తే లేచి తిరిగేదాకా వాళ్ళ మందను మిగతావాళ్ళు వంతులేసుకుని మేపేవారు. పాము కుట్టినా, చెయ్యి విరిగినా ప్రతి ఇంటి నుంచీ ఒక ఆడ గొర్రెపిల్లను ఆ ఇంటికి తోలేవారు. కళ్ళో కాళ్ళో పోయి మనిషి ఇక మంద వెంట తిరగలేడని తేలితే, వాళ్ళ గొర్రెలను ఇంకొకరు తమ మందలో కలుపుకుని మేపి, పుట్టిన పిల్లల్లో సగం ఆ ఇంటికి ఇవ్వాలి. ఆ మనిషి బతికున్నంతకాలం ఇవ్వాలి. దానికెవరూ పేరు పెట్టలేదు. అమ్మ జ్వరంతో పడుకున్నప్పుడు నాయన ఆమె మంచం పక్కనుంచి కదల్లేదు. మా మంద అన్నాళ్ళూ ఇతరుల వెంటే తిరిగింది. అమ్మ దక్కలేదు గానీ మంద మాత్రం ఒక్క గొర్రె కూడా తగ్గకుండా తిరిగొచ్చింది. అందుకే దేవుడి మీదకన్నా ఆ కట్టుబాటు మీద నాకు ఎక్కువ నమ్మకం ఉండేది.

మా కులపెద్ద నాయనకు వరసకు బావ అవుతాడు. నేను మామా అని పిలిచేదాన్ని. దొర గడీ నుంచి వెట్టికి మనిషిని పంపమని కబురొస్తే, ఈసారి ఎవరింటి వంతో చెప్పేది ఆయనే. నాకు పెళ్ళీడు వచ్చిన ఏడు వానాకాలంలో దొర వడ్ల బండ్లు మిర్యాలగూడకు పోవాల్సి వచ్చింది. వంతు మామ ఇంటిదే. పొద్దున్నే మా గుడిసె ముందుకొచ్చి, నడుం పట్టేసిందని, ఈ ఒక్కసారికి నువ్వు పోయి రమ్మని నాయనను బతిమాలాడు. మెత్తటి మనిషి మా నాయన. సద్ది కూడా తినకుండా బయలుదేరాడు. అదే రోజు సాయంత్రం నేను మందను తోలుకొస్తుంటే మామ ఈత చెట్ల కింద కూర్చుని కల్లు తాగుతున్నాడు. నడుం భేషుగ్గా వంగుతోంది.

దారిలో ఒక వాగు దిగేచోట బండి జారింది. ఆపబోయిన నాయన కింద పడితే చక్రం మోకాలి మీదుగా పోయింది. మిర్యాలగూడలో ఎముకలు కట్టే ముసలాయన వెదురు బద్దలు పెట్టి కట్టాడట. బండ్లు తిరిగొచ్చేటప్పుడు ఖాళీ గోనెసంచుల మీద పడుకోబెట్టి తెచ్చారు. బద్దలు విప్పాక ఆ కాలు వంగలేదు. గొర్రెల వెంట ఉరకడం అటుంచి, చెంబు పట్టుకుని చేలోకి పోవాలన్నా నా భుజం కావాల్సి వచ్చేది.

కులమంతా మా గుడిసె ముందు కూడింది. కట్టుబాటు ప్రకారం మా మందను ఎవరు కలుపుకుంటారో తేల్చడమే మిగిలిందనుకున్నాను. ఇంటి గుంజ చాటున నిలబడి వింటున్నాను. మామ గొంగడి సర్దుకుని తీర్పు చెప్పాడు.

"మంద కాడ దెబ్బ తాకితేనే కట్టుబాటు. దొర బండి కాడ తాకితే మనకేం సంబంధం?"

నాయన తల ఎత్తకుండానే అన్నాడు, "నీ వంతుకే పోయిన గద బావా."

"పొమ్మన్న గని, పడుమన్ననా?"

అందరూ నవ్వారు. దశాబ్దాలు గడిచినా ఆ నవ్వు నా చెవుల్లోంచి పోలేదు. ఎవరు ముందు నవ్వారో, ఎవరు నోటికి తువాలు అడ్డం పెట్టుకున్నారో ఇప్పటికీ చెప్పగలను. నవ్వు ఆగాక మామ జాలిపడ్డవాడిలా ఇంకో మాట అన్నాడు. మీ మందను నేనే మేపుత, అయితే పుట్టిన పిల్లలన్నీ నాయే అని. ఉన్న గొర్రెలు ముసలివై చచ్చేసరికి మా మంద మొత్తం ఆయనదవుతుందని తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నాయన సరే అనబోయాడు. నేను గుంజ వదిలి బయటికొచ్చి మా గొర్లను మేమే మేపుకుంటమన్నాను.

మామకు అది కూడా వేళాకోళమే అయింది. "కర్ర పట్టినోనికి కులంల మాట ఉంటది కోడలా. ఇగ నువ్వు గూడ పంచాయితికి రావాలె" అన్నాడు. మళ్ళీ నవ్వులు. నేను మాత్రం ఆ మాటను భద్రంగా దాచుకున్నాను.

మర్నాటి నుంచి నాయన కర్ర, నాయన గొంగడి నావయ్యాయి. ఎండలో మాడాను, వానలో నానాను. తోడేలు ఎత్తుకుపోయిన పిల్ల కోసం గుట్టంతా ఏడుస్తూ తిరిగాను. అరికాల్లోంచి ముల్లు తీసుకున్న ప్రతిసారీ మామను తలుచుకున్నాను, వాడి కాలు విరగాలి అని. పైకే అనేదాన్ని, గొర్రెలు తప్ప వినేవాళ్ళెవరూ లేరు కనుక.

ఎండాకాలం మందను కోదాడ దాకా తోలుకుపోయి ఒక రైతు చెలకలో ఎరువు కోసం కట్టేశాను. ఆ రైతు దగ్గరికి బెజవాడ నుంచి ఇన్సూరెన్సు ఏజెంటు ఒకాయన వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. బావి గట్టు మీద కూర్చుని చెబుతుంటే నేను గొర్రెలకు నీళ్ళు పెడుతూ విన్నాను. వాటిలో రకాలున్నాయట. మనిషి పోతే ఇంట్లోవాళ్ళకు ఇచ్చేది ఒకటి. ప్రమాదంలో కాలో చెయ్యో పోతే ఆ మనిషికే ఇచ్చేది ఇంకొకటి. జబ్బు చేస్తే దవాఖాన ఖర్చులిచ్చేది పై దేశాల్లో ఉందిగానీ మన దగ్గర ఇంకా అంతగా రాలేదట. రైతు మొదటిదొక్కటి చాలన్నాడు. బతికుండి కాలు పోయినవాడు చచ్చినవాడికన్నా ఎక్కువ తింటాడని ఏజెంటు నచ్చజెప్పబోయాడు. నాకు మా నాయన గుర్తొచ్చాడు. ఇవన్నీ మాకున్నాయి కదా, మాకెందుకు అందలేదు అనుకున్నాను.

రైతు లోపలికి పోయినప్పుడు ఏజెంటుకు మా సంగతి చెప్పి, ఇట్ల కాదనొచ్చునా అని అడిగాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"ఎవరైనా ఇస్తామన్నది గట్టిగా చెప్తారమ్మాయ్, ఇవ్వమన్నది మెల్లిగా చెప్తారు. ముందు అదే అడగాలి. మీవాళ్ళు ఏది ఇవ్వరో ఇప్పుడు చెప్పేశారుగా. ఒకసారి చెప్పాక అది అందరికీ వర్తిస్తుంది. చెప్పినవాడికి కూడా."

చెప్పినవాడికి కూడా. ఆ చివరి మాట కోసమే నేను అంతదూరం మందను తోలుకొచ్చినట్టు అనిపించింది.

తరువాత యూనియన్ సైన్యాలు వచ్చాయి, నిజాం రాజ్యం పోయింది. దొర పట్నం చేరాడు. వెట్టి అడిగే నాథుడు లేడు. మామ మాత్రం కులపెద్దగానే ఉన్నాడు. ఒకరోజు సూర్యాపేట అంగడిలో పొట్టేళ్ళను అమ్మి, తిరిగి వస్తూ లారీలో బస్తాల మీద కూర్చున్నాడు. మలుపులో బస్తాతో సహా రోడ్డు మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఇక నడవడని సూర్యాపేట దవాఖానలో తేల్చి చెప్పారు. బిడ్డలిద్దరూ పెళ్ళిళ్ళై దూరాన ఉన్నారు, మగపిల్లలు లేరు. కబురు విన్నప్పుడు నేను పాలు పితుకుతున్నాను. చెయ్యి ఆపలేదు. కానీ ఆ పూట కడుపునిండా తిన్నాను.

ఆయన వాకిట్లోనే కులం కూడింది. మంచం మీద ఆయన, చుట్టూ పెద్దలు. నాయనను కూడా నా భుజం ఆసరాతో తీసుకొచ్చి ఒక పక్కన కూర్చోబెట్టాను. ఎవరు మంద కలుపుకుంటారన్నదే మాట. ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చారు కూడా. నేను గొంగడి భుజాన వేసుకుని, కర్ర చేతబట్టుకుని మధ్యకు పోయి నిలబడ్డాను. ఆడపిల్లకేం పని అని ఎవరో గొణిగితే, కర్ర పట్టినోనికి మాట ఉంటదని మామే చెప్పిండని గుర్తుచేశాను. తరువాత మంచం వైపు తిరిగాను.

"మామా, దెబ్బ యాడ తాకింది? మంద కాడనా?"

ఆయన నీరసంగా, అంగడికి పోయింది గొర్ల పనిమీదనే గదా అన్నాడు.

"పోయేటప్పుడు గొర్లున్నయి. వచ్చేటప్పుడు లేవు. లారీ కాడ తాకితే మనకేం సంబంధం?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన, పాత కక్షలు వద్దు, ఎక్కడ దెబ్బ తగిలినా ఇచ్చేటట్టు కట్టుబాటు మారుద్దామన్నాడు. నేను సరేనన్నాను. అందరి ముఖాలూ తేలికపడ్డాయి. మామ కూడా తల కొంచెం లేపాడు. అప్పుడు చెప్పాను, మారుద్దాం గానీ రేపటి సంది, ఇగ దెబ్బ తాకేటోళ్ళకే అని. ఇయ్యాల్టి దాకా ఆయన పెట్టిన పాత కట్టుబాటే, దాన్ని తప్పితే కులపెద్ద మాట తప్పినట్టే అని. ముసలాయన కర్రతో నేల మీద గీత గీసి, రేపటి సందే అన్నాడు. ఆ తరువాత మామ మందను నేనే మేపుతానన్నాను, నాయనకు ఆయన చెప్పిన షరతుకే. పుట్టిన పిల్లలన్నీ నావి. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపాడు. నా జన్మలో అంత తియ్యటి గడియ మళ్ళీ రాలేదు.

ఇంటికి పోయేటప్పుడు నాయన నా భుజం పట్టుకుని, వంగని కాలు ఈడ్చుకుంటూ నడిచాడు. మా సందు మొదట్లో ఆగాడు.

"రేపటి సంది అంటివి. అంటే నేను గూడ లేనట్టే గద బిడ్డా."

అది నాకు తట్టనే లేదు. నాయన పడ్డ రోజు నుంచీ అని ఉంటే ఆయనకూ సగంపాలు హక్కుగా వచ్చేవి, నా కర్ర నేను దించి ఉండేదాన్ని. కానీ అప్పుడు మామ కూడా లోపలికొచ్చేవాడు.

"నీకు నేనున్న గద నాయినా" అన్నాను.

"వెట్టికి పొమ్మన్ననాడు మీ మామ గూడ గదే అన్నడు. ఏమన్న అయితే నేనున్న అని."

వెనక్కి పోయి మాట మార్చుకోవచ్చు. పెద్దలు ఇంకా ఆ వాకిట్లోనే చుట్టలు కాలుస్తూ కూర్చున్నారు, వాళ్ళ గొంతులు వినిపిస్తున్నాయి. నాయన నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. నేను ఆయన చెయ్యి నా భుజం మీద సర్దుకుని ఇంటివైపే నడిచాను.

కొత్త కట్టుబాటు మా ఊళ్ళో చాలాకాలం నడిచింది. చెట్టు మీదనుంచి పడ్డవాళ్ళకు, బస్సు కింద పడ్డవాళ్ళకు అందరికీ అందింది. దాన్ని తెచ్చింది నేనేనని ఇప్పటికీ మెచ్చుకుంటారు. మామ మందలో పిల్ల పుట్టిన ప్రతిసారీ దాన్ని చంకనేసుకుని ఆయన మంచం ముందునుంచే నడిచాను, ఆయన పోయేదాకా. ఆ కట్టుబాటు బయట ఇద్దరే మిగిలిపోయారు. ఒకణ్ణి బయట ఉంచడానికి మా నాయనను కూడా బయటే ఉంచాను. ఇప్పుడొచ్చి అడిగినా రేపటి నుంచి అనే చెప్తాను.