చీర చాటు ఓటు

జూబ్లీహిల్స్‌లో ఆ బంగళాకి కుక్క కోసం కూడా ఒక గది ఉంది. పెళ్ళి సీనులో చుట్టాలుగా కూర్చోవాల్సిన ఆడవాళ్ళకి మాత్రం బస్సు చాటే గతి. నలుగురు చుట్టూ నిలబడి ఒక పాత చీరను తెరలా పట్టుకుంటారు, మధ్యలో ఒకామె పట్టుచీర కట్టుకుంటుంది. ఫిల్మ్‌నగర్‌లో జూనియర్ ఆర్టిస్టుల బతుకు ఏళ్ళ తరబడి అంతే.

వాళ్ళని షూటింగులకి పిలిచే ఏజెంటు వీరయ్యకి అది ఎన్నడూ వింతగా తోచలేదు. ఆ రోజు భోజనాల వేళ మాత్రం అతని కళ్ళన్నీ వాళ్ళ మీదే. బట్టలు మార్చుకోవడానికి గది ఇచ్చేదాకా రేపటి నుంచి పని ఆపాలా వద్దా అని వాళ్ళు చేతులెత్తి తేల్చుకోబోతున్నారు.

"లేచిన చేతులన్నీ ఫోటో తీసి పంపు. మళ్ళీ వాళ్ళని పిలిచావో, నీకూ పని ఉండదు," అన్నాడు ఫోనులో సినిమా కంపెనీ మేనేజరు రవిచంద్ర.

పోయినసారి లేచింది ఒక్క చెయ్యే. బోరబండ శకుంతలమ్మది. దాంతో ఏడాది పాటు ఆమెకి పిలుపు లేదు. స్టేషన్ దగ్గర మిర్చిబజ్జీలు వేసుకుని బతికింది. మళ్ళీ పిలిస్తే మళ్ళీ అదే మాటతో వచ్చింది. వయసులో ఉండగా సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ గేటు ముందు జెండా పట్టిన మనిషి. ఆమె అవ్వ నల్లగొండ దిక్కు దొర మీద తిరగబడ్డ సంఘంలో ఉండేదట. వీరయ్య లెక్కలో ఇదంతా వంశపారంపర్యంగా వచ్చిన పిచ్చి.

"చేతులెత్తండమ్మా, ఎండ చంపేస్తోంది," అన్నాడు ఫోను పట్టుకుని.

"ఆగు వీరయ్యన్నా, జర సోకు చేసుకోనీ. ఫోటో దిగాలె గద," అంది శకుంతలమ్మ. ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు.

ఆమె పక్కనున్న మనోజ నవ్వలేదు. కిరాయి ఇల్లు, చిన్నపిల్లలు. పోయినసారి తల దించుకున్నవాళ్ళలో ఆమె ఒకతె.

"మనోజా, చీర పట్టుండ్రే," అంది శకుంతలమ్మ. "దొర కండ్ల ముంగట చెయ్యెత్తుడు ధైర్యం కాదు, తెలివితక్కువ అనేది మా అవ్వ. నాకే ఆలస్యంగ ఎక్కింది."

చీర లేచింది. దాని మధ్యలో పెళ్ళి సీను ఇత్తడి చెంబు పెట్టారు. ప్రతి పమిటకీ ఒక పిన్నీసు ఉంది.

"పని ఆపాలంటే పిన్నీసు తెరిచి వెయ్యుండ్రి. వద్దంటే మూసి వెయ్యుండ్రి. ఎవరేం వేసిండ్రో ఎవ్వరూ అడగొద్దు."

ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి వచ్చారు. వీరయ్య ఫోనులో పడింది వెలిసిన నూలుచీర ఒక్కటే. రోజూ చూసే గుడ్డే. అతని కళ్ళ ముందే పోలింగు బూత్ అయిపోయింది.

"లెక్క నువ్వే చూడన్నా. మామీద నీకు అనుమానం ఉండొద్దు," అంటూ శకుంతలమ్మ చెంబు అందించింది.

చెయ్యి పెట్టి చురుక్కుమని వెనక్కి లాగాడు. బొటనవేలికి పిన్నీసు వేలాడుతోంది. చెంబును తువ్వాలు మీద బోర్లించాడు. అన్నీ నోళ్ళు తెరిచి మెరిశాయి. వెతికితే మూసింది ఒకటే దొరికింది. అది ఎవరిదని ఒక్కరూ అటూ ఇటూ చూడలేదు.

వీరయ్య తలెత్తి ఆ మొహాలు ఒక్కొక్కటే చూశాడు. ఆకుపచ్చ చీర, ముసలి పాత్ర, గుంపులో వెనక వరస అని పిలుస్తూ ఇన్నాళ్ళూ తను ఆటోల్లో ఎక్కించి దింపింది వీళ్ళనేనా?

ఫోను మోగింది. "ఎవరెవరు ఎత్తారయ్యా?" అన్నాడు రవిచంద్ర.

వీరయ్య బొటనవేలు నోట్లోంచి తీశాడు.

"ఎవరో తెలీదండీ. రేపు పెళ్ళివారు రారు. గది సంగతి చూడండి."