అది కల కాదు పిన్నీ

గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు ఈ మాట ఇన్నేళ్ళూ నాలోనే ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను మత్తు డాక్టర్ని. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో పుట్టి పెరిగాను. చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరిన కొత్తలో పైడమ్మ అనే ఆవిడకి గర్భసంచి ఆపరేషన్ జరిగింది. ఆమె భర్త రైలింజన్ల షెడ్‌లో ఫిట్టర్. మాలాగే అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళే, పిన్నీ అని పిలిచేదాన్ని. పీల్చే మత్తు ఖరీదైనది కనుక, నిద్ర ఇంజెక్షన్ ఇవ్వగానే గ్యాస్ ప్రవాహం బాగా తగ్గించేయడం మాకు అలవాటు. మత్తు యంత్రం డయల్ మీద ఎంత అంకె ఉంటే మనిషికి అంత మత్తూ అందుతుందనుకునేవాళ్ళం. అందదు. ప్రవాహం తక్కువైతే మత్తు ఊపిరితిత్తుల్లోకి మెల్లగా చేరుతుంది, ఈలోగా ఇంజెక్షన్ పని అయిపోతుంది. కండరాలు కదలకుండా వేరే మందు ఇస్తాం, కాబట్టి మనిషి మేలుకున్నా వేలైనా ఎత్తలేడు. ఆమె నాడి పరుగెత్తింది. చూశాను. అయినా డయల్‌నే నమ్మాను.

మర్నాడు ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నాకు తెలివొచ్చేసింది డాక్టరమ్మా. కోత కోసినప్పుడు అంతా తెలిసింది. నువ్వు ఊరి చివర మోప్కాలో ప్లాటు కొంటానన్నావు."

అన్నాను. ఆపరేషన్ మధ్యలో అక్షరాలా ఆ మాటే అన్నాను!

"కలే పిన్నీ. మత్తులో అలాంటివి వస్తాయి."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం! భయమా? పరువా? రెండూనేమో. ఆమె నా మొహంలోకి చూసి చెయ్యి వదిలేసింది.

ఇప్పుడు కుర్ర డాక్టర్లకి కంప్యూటర్ మీద పాఠం చెబుతున్నాను. తెర మీద ఉత్తుత్తి పేషెంటు. ప్రవాహం, డయల్ మారిస్తే మెదడులో మత్తు ఎంతుందో ఒక గీత చూపిస్తుంది. ఎన్ని తప్పులు చేసినా ఎవరికీ నొప్పి లేదు. మొదట్లోనే ఆనాటి అంకెలు వేసి చూశాను. గీత మెలకువ వచ్చేంత కిందకి జారిపోయింది. అప్పటినుంచి ఆ పాఠాన్నే "ఒకానొక పేషెంటు" పేరుతో చెబుతూ వచ్చాను. బాగా చెబుతానని పేరు కూడా వచ్చింది. సిగ్గు లేకపోతే సరి!

పోయిన వారం పైడమ్మ మా ఓపీకి వచ్చింది. పిత్తాశయంలో రాళ్ళు. ఆపరేషన్ తప్పదు. ఆమె ససేమిరా అంటోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"ఇన్నేళ్ళయినా ఆ పిచ్చి కల వదల్దమ్మా ఈవిడ. మీరైనా సెప్పండి" అని విసుక్కున్నాడు భర్త.

ఇంటిల్లిపాదీ ఆమెని పిచ్చిదానికిందే జమకట్టేశారన్నమాట. నా ఒక్క మాటతో. ఇద్దరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఆ గీత చూపించాను.

"అది కల కాదు పిన్నీ. నువ్వు మేలుకునే ఉన్నావు. నాకప్పుడే తెలుసు. తప్పు నాది, అబద్ధం కూడా నాదే."

ఆమె ఏడవలేదు. భర్త వైపు తిరిగి, "ఇన్నావా? నాకు పిచ్చి నేదు" అంది. అతను తల వంచుకున్నాడు. మళ్ళీ నా వైపు తిరిగి అడిగింది.

"ఈసారి మత్తెవరిస్తారు?"

"నువ్వెవరంటే వాళ్ళు."

"నువ్వు మాత్రం ఒద్దు."

సరే అన్నాను. క్షమించమని నేనడగలేదు, క్షమించానని ఆమె అనలేదు. అయినా గుండె మీంచి ఏదో దిగింది. వచ్చే వారమే ఆపరేషన్. ఈ పాఠం నా దగ్గరే నేర్చుకున్న అమ్మాయి మత్తిస్తుంది. నేను గది బయట కూర్చుంటాను.