బట్టల బండ పక్క అడవి ఆముదం

నాచారంలో మేం ఇంకో రెండు కుటుంబాలతో కలిసి అద్దెకున్న ఇంటి పెరట్లో, బట్టలుతికే బండ పక్కన ఒక అడవి ఆముదం చెట్టు ఉండేది. దాని గింజల నూనెతో డీజిల్ ఇంజన్ నడుస్తుందని మా ల్యాబులో ఎవరో అన్నారు. గల్ఫ్‌లో యుద్ధం జరుగుతున్న రోజులవి, బంకుల ముందు జనం డబ్బాలతో వరుసలు కట్టేవారు. ఆ మాట నా తలకెక్కింది. చెట్టు గింజలన్నీ ఏరి, తూకం వేసి, ఎకరానికి ఎన్ని చెట్లు పడతాయో లెక్క కట్టి, జొన్న కంటే ఇదే లాభమని తేల్చేశాను. ల్యాబులో నా పని పరికరాలు తుడిచి సర్దడం. వ్యవసాయంలో నాకు ఓనమాలు రావు.

ఆ కాగితం మాకు పాలు పోసే చెంగిచెర్ల రైతుకు చూపించాను. ఆయనకు రెండెకరాలు, ఆయిల్ ఇంజన్ పెట్టిన బావి, మూడు బర్రెలు ఉండేవి. జొన్న వేస్తే గింజలు ఇంటికి, చొప్ప బర్రెలకు.

"గంత సదువుకున్నోళ్లు, ఊకెనే చెప్తరా సారు," అని తొలి వానలకే రెండెకరాలూ అడవి ఆముదం నాటేశాడు. సగమైనా జొన్నకు ఉంచమంటే బాగుండేదని మా ఆవిడ అంది. నాకు ఒళ్లు మండింది.

ఆ ఆకుకు బర్రె మూతి కూడా పెట్టదు. ఆ ఏడాదంతా ఆయన చొప్ప కొని మేపాడు. మొక్కలు వాడిపోతుంటే ఇంజన్ వేసి నీళ్లు పెట్టాడు. డీజిల్ బదులు నూనె తీయడానికి నాటిన చెట్లకు డీజిల్ కాల్చి నీళ్లు! నేను ప్రతి ఆదివారం సైకిలు మీద వెళ్లి చూసి వచ్చేవాణ్ణి. మోకాలెత్తు మొక్కలు, ఒకటీ అరా కాయలు.

ఉగాది రోజున మా ఆవిడ తలంటు బట్టలు ఉతికి నీళ్లు గుమ్మరించింది. నీళ్లు తిన్నగా వెళ్లి ఆ చెట్టు మొదట్లో ఆగాయి. రోజూ వెళ్లేది అక్కడికే. నేను ఎకరాలకు హెచ్చవేసింది మూడు కుటుంబాల బట్టల నీళ్లు తాగిన చెట్టు కాపు.

అనుమానం తీర్చుకుందామని ఇక నీళ్లు అటు పోనివ్వొద్దని మా ఆవిడతోనూ పక్కవాళ్లతోనూ అన్నాను. ఎందుకో చెప్పలేదు. రైతుకు మాత్రం వెంటనే చెప్పాలి. వానలు పడేలోగా సగం చెట్లు పీకేస్తే జొన్న పడుతుంది, బర్రెలు నిలుస్తాయి. చెప్పాలనే ప్రతి వారం చెంగిచెర్ల వెళ్లాను, ప్రతి వారం చెప్పకుండానే తిరిగి వచ్చాను. నా పెద్దరికం పోతుందని భయం. వానలు పడ్డాయి. ఆయన జొన్న వేయలేదు. చొప్ప కొనలేక రెండు బర్రెలను అమ్మేశాడు.

దసరా ముందు ఒక పొద్దున పాలు పోసి పెరట్లోకి వచ్చాడు. చెట్టును చుట్టూ తిరిగి చూశాడు.

"మీ చెట్టు గూడ కాయలేదేంది సారు?"

"ఈసారి ఎండలు ఎక్కువ కదా అన్నా," అన్నాను.

మా ఆవిడ టీ తెచ్చి ఇస్తూ, "ఎండలేంటండీ? ఉగాది నుంచి నీళ్లు అటు పోనివ్వొద్దన్నది మీరే కదా," అంది.

రైతు బండ వైపు, తడి ఆరిపోయిన మట్టి వైపు చూశాడు. నా వైపు చూడలేదు. టీ ఊదుకున్నాడు.

"ఉగాది అంటే... జొన్న ఏసేటందుకు ఇంక రెండు నెలలు ఉండె గదా సారు," అన్నాడు.

ఆయన టీ తాగి, గ్లాసు తనే కడిగి, ఆ నీళ్లు చెట్టు మొదట్లో పోసి వెళ్లాడు.