అటుంపాన్ నడుస్తోందా?

కుమాసీ పట్నంలోని ఆ చిన్న రేడియో స్టేషన్లో బోఆడి చేసేది ఒకటే పని. కంప్యూటర్లో అటుంపాన్ అనే ప్రోగ్రాం పాటలూ, చావు కబుర్లూ వరసగా వినిపిస్తూ పోతుంది. అప్పుడప్పుడు చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. ఆగితే లేపాలి. అందుకు కాపలా కూర్చుంటాడనే మేనేజరు బిరాగో మధ్యాహ్నం తను తినే ఫుఫు ముద్దల పులుసు గిన్నెలో అతన్నీ చెయ్యి పెట్టమనేది. మేనేజరుతో ఒకే గిన్నెలో తినడమంటే మాటలా!

ఇప్పుడా గిన్నెలోకి పినమాంగ్ చెయ్యి కూడా వచ్చింది. నిన్నగాక మొన్న చేరిన పిల్ల! కంప్యూటర్లో నాలుగు కోడు లైన్లు రాసి పడేసింది. నడుస్తున్న ప్రోగ్రాంల వరసలో అటుంపాన్ పేరు కనిపిస్తోందా అని అవి మాటిమాటికీ చూస్తాయి. కనిపిస్తే గోడ మీద పచ్చదీపం. లేకపోతే వాటంతట అవే అటుంపాన్‌ను లేపుతాయి.

"కళ్ళు కాయలు కాచేలా కూర్చునే బాధ తప్పిందయ్యా నీకు," అంది బిరాగో, చేపముక్క పినమాంగ్ వైపు తోస్తూ.

బోఆడికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ ఆ ముక్క తనది!

"ఏదో ఒకరోజు బోల్తా కొడుతుంది లెండి," అన్నాడు.

"కొడితే మీరున్నారుగా మామా," అని నవ్వింది పినమాంగ్. ఆ నవ్వూ అతనికి గిట్టలేదు.

ఇక అదే ధ్యాస. ఆ దీపం ఎప్పుడు తప్పు చెబుతుందా, ఈ పిల్ల పరువు ఎప్పుడు పోతుందా! కనిపెట్టి చూడ్డానికి అదే కంప్యూటర్లో, అటుంపాన్ ఆగగానే తనకు చెప్పే ఓ చిన్న ప్రోగ్రాం తనూ పెట్టుకున్నాడు. దానికి 'అటుంపాన్ కాపలా' అని పేరు పెట్టాడు.

ఆ శుక్రవారం సాయంత్రం, మర్నాటి అంత్యక్రియల కబుర్లన్నీ వినిపించే వేళ, అటుంపాన్ ఆగింది. బోఆడి తలెత్తి చూశాడు. పచ్చదీపం నిక్షేపంగా వెలుగుతోంది! గుండె గంతులేసింది. ఒక్క మీట నొక్కితే లేచేదే. నొక్కలేదు మహానుభావుడు, చేతులు కట్టుకు కూర్చున్నాడు.

కాసేపటికి ఫోన్లు మొదలయ్యాయి. "మా అమ్మ కబురు ఏదమ్మా? రేపు చుట్టాలు రాకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అని ఒకావిడ ఏడుపు.

బిరాగో పరుగెత్తుకొచ్చింది. "రేడియో మూగబోతే దీపం వెలగడమేమిటే?"

"నే చెప్పలేదా మేడమ్!" అన్నాడు బోఆడి.

పినమాంగ్ ముందు అటుంపాన్‌ను లేపింది. తర్వాత నడుస్తున్న ప్రోగ్రాంల వరసను తెర మీదికి తెచ్చింది. అందులో 'అటుంపాన్ కాపలా', పక్కనే తెరిచినవాడి పేరు బోఆడి. అటుంపాన్ చచ్చినా ఆ పేరు కనబడుతూనే ఉంది, దీపం దాన్ని చూసే వెలిగింది. పినమాంగ్ బోఆడి వైపు ఒక్కసారి చూసి, బిరాగో చదివేలోపే తెర మూసేసింది.

"తప్పు నాదే మేడమ్. పేరులో 'అటుంపాన్' అన్న మాట ఉంటే చాలని రాశాను. మొత్తం పేరు సరిపోవాలని రాయాల్సింది," అంది. అప్పటికప్పుడు దిద్దేసింది. కబుర్లన్నీ మొదటినుంచీ మళ్ళీ వినిపించారు.

"తప్పు ఒప్పుకునే మనిషిని ఈ స్టేషన్లో ఇప్పుడే చూస్తున్నా," అంది బిరాగో.

సోమవారం గిన్నె చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. బిరాగో చేపముక్క పినమాంగ్ వైపు తోసింది. ఆ పిల్ల దాన్ని బోఆడి వైపు తోసింది.

"తినండి మామా."

నోట్లో పెట్టుకున్నాడు. ఆమె మీద అతనికి అంత అసూయ అంతకు ముందు ఏనాడూ పుట్టలేదు.