చుట్టుకో చరణం

వాల్వు అంటే చాలామందికి వంటగదిలో గ్యాస్ బండ మీద ఉండేదే గుర్తొస్తుంది. నేను గీసేవి ఆవిరికి అడ్డం నిలబడే వాల్వులు. లోపల ఇనప పళ్ళెం ఒకటి గొట్టం నోటిని మూసి కూర్చుంటుంది. ఆవిరి దాని నెత్తిన నొక్కుతూ ఉంటుంది కాబట్టి మూయడం కష్టం కాదు. తెరవడమే కష్టం. గుడివాడలో ఒక చిన్న వర్క్‌షాపులో చాలా ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఆడమనిషి వాల్వులు గీయడమేమిటని మొదట్లో అడిగినవాళ్ళున్నారు. వాళ్ళకి జవాబు చెప్పడం మానేశాను గానీ చెప్పాలన్న దురద పోలేదు. ఇదంతా ఆ దురద వల్లే జరిగింది.

మాది బందరు. నాన్న కోర్టులో గుమాస్తా. రోజూ పొద్దున్న రైల్లో గుడివాడ వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరతాను. ఒకసారి బందరు పక్క గూడూరు దాటాక ఉన్న ఉప్పుడు బియ్యం మిల్లు నుంచి కబురొచ్చింది. ఆవిరి వాల్వు కారుతోంది, చూసి కొత్తది చేసిపెట్టమన్నారు. అక్కడ ఊకతో కాగే బాయిలరు. అందులోంచి పుట్టిన ఆవిరి పొడవాటి పైపులో నడిచి వడ్లు ఉడికే తొట్లకి వెళ్తుంది. పైపు మొదట్లోనే ఈ పెద్ద వాల్వు. దాని మీద బండి స్టీరింగంత చక్రం.

బాయిలరు చూసుకునే ఆయనకి యాభై అయిదేళ్ళుంటాయి. దివిసీమ మనిషి. ఆయన్ని మొదటి రోజు నుంచీ బాబాయ్ అనే పిలిచాను. నేను వెళ్ళేసరికి తొట్లకి ఆవిరి వదలబోతున్నారు. ఎంత గట్టిగా ఉందో చూద్దామని చక్రం పట్టుకున్నాను. కదల్లేదు. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి మళ్ళీ లాగాను. కదల్లేదు సరికదా, చున్నీ వెళ్ళి చక్రంలో చిక్కుకుంది.

"అది మీ వల్ల కాదండీ మేడమ్ గారూ, మగోళ్ళకే చెమట్లు పడతాయండీ" అన్నాడు పక్కన బస్తాలు దించుతున్న ముఠా కూలీ ఒకాయన. మిగతావాళ్ళు నవ్వారు. అందులో పెద్ద తప్పేమీ లేదని ఇప్పుడనిపిస్తుంది. ఆ రోజు మాత్రం ఒళ్ళు మండింది.

బాబాయ్ నవ్వలేదు. "మీరు ఇవతలకి రండమ్మా" అని చక్రం అందుకున్నాడు. బలమంతా పెట్టి ఒక చుట్టు తిప్పాడు. తర్వాత చేతులు చక్రం మీదే ఉంచి, కళ్ళు మూసుకుని, సన్నగా ఒక క్రైస్తవ కీర్తన ఎత్తుకున్నాడు. ఒక చరణం అయ్యాక ఇంకో చుట్టు. మళ్ళీ ఒక చరణం. వాల్వు పూర్తిగా తెరుచుకోవడానికి ఎనిమిది చుట్లు పట్టింది. పాటలో అన్ని చరణాలు లేవు కాబట్టి మొదటికొచ్చి మళ్ళీ పాడాడు.

"ప్రతి చుట్టుకీ ఎందుకాగుతున్నారు బాబాయ్?"

"పాట అవ్వాలి కదమ్మా. నాకు పని నేర్పిన పెద్దాయన అలాగే చెప్పాడండీ, చుట్టుకో చరణం అని. ఆవిరి దగ్గర పని కదండీ, దేవుణ్ణి తలుచుకోకుండా చెయ్యకూడదు."

భక్తి అనుకున్నాను. దాని వెనక అలసట కూడా ఉందనుకున్నాను. యాభై దాటిన మనిషి ఆయాసం తీర్చుకోవడానికి పాటని అడ్డం పెట్టుకుంటున్నాడని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఫోన్‌లో అంతా వీడియో తీసుకుని వచ్చేశాను.

వర్క్‌షాపులో లేత్ మిషను మోతకి ఏమీ వినబడదు. ఆ వీడియోని శబ్దం లేకుండానే ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆయన తిప్పే సమయం ఒక వరసలో, ఆగే సమయం ఇంకో వరసలో రాసుకున్నాను. రెండో వరసకి "వృథా" అని పేరు పెట్టాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

నేను చేసిన ఉపాయం పెద్ద కొత్తదేమీ కాదు. పెద్ద పళ్ళెం నడుమ ఒక చిన్న రంధ్రం, దానికో చిన్న మూత. చక్రం తిప్పితే ముందు ఆ చిన్న మూత లేస్తుంది. పళ్ళెం నెత్తిన నొక్కుతున్న ఆవిరి ఆ రంధ్రంలోంచి కిందికి జారిపోతుంది. బరువు దిగిపోయాక పెద్ద పళ్ళెం దానంతటది లేచినంత తేలిగ్గా లేస్తుంది. బలం అక్కర్లేదు కాబట్టి చక్రం కాడ మీది మరలు కూడా వాలుగా కోయించి, ఎనిమిది చుట్లని మూడుకి తెచ్చాను. అక్కడే ఆగి ఉంటే ఆడదాన్ని చూసి నవ్వినవాళ్ళకి జవాబు సగమే అయ్యేది. చక్రాన్ని కూడా చిన్నది చేశాను.

బిగించిన రోజు ముఠావాళ్ళందరినీ పిలిపించాను. బాయిలరు పూర్తి ఒత్తిడిలో ఉంది. అందరూ చూస్తుండగా రెండు వేళ్ళతో తిప్పి తెరిచాను. అంతకు ముందే పరీక్ష కోసం కొంచెం కొంచెంగా ఆవిరి వదిలి చూశాం, పైపు వేడిగా ఉంది. నాకది గమనించాల్సిన సంగతిగా తోచలేదు. ఎవరూ నవ్వలేదు. ఆ సాయంత్రం బందరు రైల్లో నిలబడే వచ్చినా కాళ్ళ నొప్పి తెలియలేదు.

బాబాయ్ కూడా సంతోషించాడు. "చేతులు బాగుపడ్డాయమ్మా, రాత్రుళ్ళు భుజం లాగడం లేదు" అన్నాడు ఇంకోసారి వెళ్ళినప్పుడు. పాట గురించి నేను అడగలేదు. ఆయన పాడటం లేదు. మూడు చుట్ల పనికి పాటేమిటి? ఆ వాల్వు మరో నాలుగు మిల్లులకి కావాలన్నారు. మా యజమాని నన్ను నలుగురిలో పొగడటం మొదలుపెట్టాడు. నేనూ కాస్త కాలరెగరేసుకునే తిరిగాను.

తుపాను వానలకి ఆ మిల్లు వారం పైగా ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టిన రోజు తడిసిన వడ్లు కుప్పలుగా ఎదురుచూస్తున్నాయి, అందరూ తొందరలో ఉన్నారు. రాత్రీ పగలూ నడిచినన్నాళ్ళూ వేడి తగ్గని పైపు ఇప్పుడు పూర్తిగా చల్లగా ఉంది. ఆవిరి చల్లని పైపులోకి వెళ్తే నీళ్ళవుతుంది. నెమ్మదిగా వదిలితే ఆ నీళ్ళు చివర ఉన్న చిన్న కుళాయిలోంచి కారిపోతూ, పైపు మెల్లగా కాగుతుంది. ఒక్కసారి వదిలితే ఆవిరి ఆ నీళ్ళని ముద్దలా తోసుకుంటూ పోయి ఎదురొచ్చిన మలుపుని కొడుతుంది. బాబాయ్ మూడు చుట్లూ ఒక్క ఊపులో తిప్పేశాడు. పైపు లోపల సమ్మెటతో కొట్టినట్టు మోత వచ్చిందట. వాల్వు పక్క జాయింటు విచ్చుకుని ఆవిరి ఆయన కుడిచేతి మీదికి వచ్చింది. మోచేయి నుంచి మణికట్టు దాకా కాలిపోయింది.

మర్నాడు నేను మిల్లుకి వెళ్ళాను. ఆయన్ని చేర్పించిన ఆసుపత్రి మా ఇంటికి పది నిమిషాల దూరంలోనే ఉంది. అక్కడికి మాత్రం వెళ్ళలేదు. భయమేసింది. మిల్లు ఓనరు ఏం జరిగిందో రాసిమ్మన్నాడు. పళ్ళెం, మూత, మరలు అన్నీ విప్పి చూశాను, ఎక్కడా గీత కూడా పడలేదు. "ఆపరేటరు పైపు వేడెక్కేవరకు ఆగకుండా వాల్వును పూర్తిగా తెరిచారు. వాల్వులో లోపం లేదు" అని రాసి సంతకం పెట్టాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం కాదు. ఆ కాగితం చూసి, చేయి మానినా బాయిలరు దగ్గరికి రానక్కర్లేదని ఆయనకి చెప్పేశారు. ఆయన ఎదురు మాట్లాడకుండా దివిసీమ వెళ్ళిపోయాడు.

రెండు నెలలకి మిగతా నాలుగు మిల్లుల్లో ఒక దాని నుంచి ఫోనొచ్చింది. పైపులో అదే మోత. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఆదివారం ఇంట్లో కూర్చుని పాత వీడియో మళ్ళీ తీశాను. ఇంట్లో లేత్ లేదు, ఫోన్‌లో శబ్దం వినిపించింది. బాబాయ్ ఒక చుట్టు తిప్పాడు, పాడాడు. ఆ పాట వెనక పైపు టకటకమంటోంది. రెండో చరణానికి ఆ టకటక తగ్గింది. నాలుగో చరణానికి చివరి కుళాయిలోంచి నీళ్ళు పోయి ఆవిరి బుస కొట్టడం వినిపించింది. అయిదు నుంచీ పాట తప్ప ఇంకేమీ లేదు. నేను "వృథా" అని రాసుకున్న వరసలో ఉన్నది పైపు కాగే సమయం. దాన్ని జాగ్రత్తగా కొలిచి మరీ తీసి పారేశాను.

పైపు కాగాలని బాబాయ్‌కీ తెలుసు. బాయిలరు సర్టిఫికెట్ ఉన్న మనిషి, తెలియకపోవడమేముంది? కానీ ఇన్నేళ్ళలో ఎంతసేపు ఆగాలో విడిగా ఆలోచించే అవసరం ఆయనకి రాలేదు. వాల్వు బరువూ పాటా కలిసి ఆపేవి. బరువు నేను తీసేశాను, దాంతో పాట కూడా పోయింది.

సోమవారం రెండో కాగితం రాశాను. లోపం ఆపరేటరుది కాదు, వాల్వు డిజైన్‌లోనే ఉంది, ఇంత త్వరగా తెరుచుకునేలా చేయకూడదు అని. అయిదు వాల్వులూ వెనక్కి తెప్పించాం. మరలు మళ్ళీ సన్నగా కోయించి, పళ్ళెంలో రంధ్రం మూసేసి, పక్కన సన్న గొట్టంతో చిన్న వాల్వు ఒకటి పెట్టాను. ముందు అది తెరిచి పైపు కాగనిస్తే గానీ పెద్దది తిరగదు. మా యజమాని పొగడటం మానేశాడు, తిట్టనూ లేదు. మిల్లు ఓనరు మంచివాడే. రెండో కాగితం చదివి, "అయితే ఆయన్ని రమ్మనండి, ఆయనంత నమ్మకస్తుడు మాకు దొరకలేదు" అన్నాడు. కబురు పంపారు. బాబాయ్ రాలేదు. మళ్ళీ పంపినా రాలేదు.

నేనే బయల్దేరాను. బందరులో బస్సెక్కి, పులిగడ్డ వంతెన దాటి, అవనిగడ్డలో దిగి ఆటో పట్టుకున్నాను. ఆయన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఎడంచేత్తో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. కుడిచేతి చర్మం ముడతలు పడి మెరుస్తోంది. వేళ్ళు బాగానే ఆడుతున్నాయి.

"ఇంత దూరం ఎందుకొచ్చారమ్మా, ఫోన్ చేస్తే సరిపోయేది" అన్నాడు. భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"పనిలోకి ఎందుకు రావడం లేదు బాబాయ్? ఓనరు గారు రమ్మన్నారుగా."

"ఆవిరి ముట్టుకోనమ్మా ఇంక." చేతిలోని కాయ పక్కన పెట్టి చెప్పాడు. "ముప్పై ఏళ్ళు పాడి తిప్పానండీ, ఒక్క చుక్క మీద పడలేదు. మీరు వాల్వు తేలిక చేశారు, నాకు కొవ్వెక్కి పాట మానేశాను. దేవుడు చేయి పట్టుకుని చూపించాడు. చర్చిలో సాక్ష్యం కూడా చెప్పానండీ, అందరి ముందూ నిలబడి, స్తుతి మానేసినందుకు ఆయన నన్ను శిక్షించాడని."

నా కాగితం ఆయన ఉద్యోగం తీసిందనుకుంటూ వచ్చాను. అది ఆయన్ని ఎక్కడిదాకా తోసిందో అప్పుడు తెలిసింది. ఫోన్ తీసి వీడియో వినిపించాను. టకటక ఎక్కడ తగ్గిందో, నీళ్ళు ఎక్కడ పోయాయో చూపించాను. ఆయన రెండుసార్లు విన్నాడు. పళ్ళెం సంగతీ, మరల సంగతీ, మొదటి కాగితం సంగతీ అన్నీ చెప్పాను.

"అంటే, దేవుడు కాదంటారా అమ్మా?"

"కాదు బాబాయ్. నేను."

ఆయన మళ్ళీ చిక్కుడుకాయలు అందుకున్నాడు. అవన్నీ అయిపోయాక అడిగాడు. "ఈ మాట మావాళ్ళ ముందు చెబుతారా అమ్మా? నేను చెబితే తప్పు కప్పుకుంటున్నానంటారు. ఆదివారం తొమ్మిదిన్నరకండీ ఆరాధన."

నేను చర్చి లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్నాను. పాస్టరు గారికి బాబాయ్ ముందే చెప్పి ఉంచాడు. పాస్టరు గారు పిలిస్తే లేచి నిలబడ్డాను. మిల్లుల్లో వాల్వుల గురించి గంటలు మాట్లాడిన దాన్ని, అక్కడ ముందుకి వెళ్ళలేక నిలబడ్డ చోటి నుంచే మొదలుపెట్టాను.

"ఆయన ఎంతసేపు ఆగాలో ఆ పాటే చెప్పేది. పాటకి చోటు లేని వాల్వు చేసింది నేను. అది తెలుసుకోకుండా తప్పు ఆయనదని కాగితం మీద రాసింది కూడా నేనే. ఆయన చేయి కాలింది నా వల్ల. దేవుడు ఆయన్ని శిక్షించలేదు" అన్నాను. అంతే చెప్పి కూర్చున్నాను.

సాక్ష్యం అయ్యాక అందరూ స్తోత్రం అనడం వాళ్ళ ఆనవాయితీ అని తర్వాత తెలిసింది. ఆ రోజు ఎవరూ అనలేదు. పాస్టరు గారు పుస్తకంలోకి చూస్తున్నారు. మగవాళ్ళ వైపు నుంచి బాబాయ్ ఒక్కడే అన్నాడు.

"స్తోత్రం."