ఒడ్డు మీద నిలబెట్టిన నావికుడు

ఆ రెండు ఓడల మీద నాకింకా కోపం చల్లారలేదు. గరాజ్ పైఅరలో, పాత దుప్పటి కింద ఉన్నాయి. ఎవరికైనా ఇచ్చేద్దామంటుంది మా ఆవిడ. నేను ఒప్పుకోను.

మా అమ్మాయికి అప్పుడు పదేళ్ళు. మేముండే రోటోటూనాలో ఇంటికి దగ్గర్లోనే బడి. ఈ దేశపు తీరానికి ఐరోపా నుంచి మొదట వచ్చిన డచ్చి నావికుడి ప్రయాణం మీద ఏదైనా ఒకటి తయారుచేసి తెమ్మన్నారు. ఏదైనా అంటే మన లెక్కలో అందరికంటే పెద్దది. ఇక్కడి తెలుగు ఇళ్ళలో పిల్లల ప్రాజెక్టులు తండ్రులే చేస్తారు, పేరు మాత్రం పిల్లలది. పైగా నేను కాకినాడవాణ్ణి, రేవులో ఓడలు చూస్తూ పెరిగినవాణ్ణి. నాకు చెప్పొచ్చేదెవరు?

మొదటిరోజే అమ్మాయి వచ్చి దేవుడి గూట్లోని శంఖం కావాలంది. ఎందుకే అంటే పెద్ద కథ చెప్పింది. ఆ నావికుడి రెండు ఓడలూ లంగరు వేశాక ఇక్కడి మూలవాసులు మావోరీలు పడవల్లో వచ్చి, కేకలు వేసి, బూర ఊదారట. దాని అర్థమేమిటో తెలియకుండానే ఓడవాళ్ళూ తమ బూరలు తీసి ఊదారట. మర్నాడు ఓడల మధ్య తిరిగే చిన్న పడవ మీద మావోరీలు దాడి చేశారు, నలుగురు నావికులు పోయారు. ఆ డచ్చి పెద్దమనిషి నేల మీద కాలైనా పెట్టకుండా, ఆ తీరానికి హంతకుల పేరు పెట్టి వెళ్ళిపోయాడు. తను ఓడలు చేయదట, ఒడ్డు చేస్తుందట. మావోరీలు కూడా శంఖం ఊదుతారని బడిలో చెప్పారట. క్లాసులో మన శంఖం ఊది, మీరైతే ఏం జవాబిస్తారని అందరినీ అడుగుతుందట.

ఇంత చెబుతుంటే నేను ఫోన్లో ఓడల బొమ్మలు వెతుకుతున్నాను. పూజ సామాను బడికి పట్టుకెళ్తారా అని కసిరాను. దాని మొహం చిన్నబోయింది. చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

మూడు వీకెండ్లు గరాజ్‌లోనే గడిపాను. థర్మాకోల్ కోసి, ఐస్‌క్రీమ్ పుల్లలు అతికించి, నా పెళ్ళినాటి ఉత్తరీయం చింపి తెరచాపలు కట్టాను. అమ్మాయి వచ్చి కాసేపు నిలబడి వెళ్ళేది. గమ్ డబ్బా అందించమనేవాణ్ణి, అంతకుమించి పని చెప్పలేదు. చివరికి ఇసుక పోసి, దాని మీద జెండా పట్టుకున్న నావికుణ్ణి నిలబెట్టాను. చిన్నప్పుడు నా పాఠ్యపుస్తకాల్లో కొత్త దేశం కనుక్కున్నవాళ్ళంతా అలాగే నిలబడేవారు మరి.

ప్రదర్శన రోజు హాల్లో మా ఓడలే పెద్దవి. ఛాతీ విరుచుకుని దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, ఒడ్డున నావికుడు లేడు. వాణ్ణి పీకి ఓడెక్కించారు. ఇసుకలో వాడి కాళ్ళు ఊడిన గుంటలు, పక్కన ఓ మూల అట్టతో చేసిన చిన్న పడవ, అందులో పెన్సిలుతో గీసిన మనుషులు. నా ఒళ్ళు మండిపోయింది. తెలుగులో తిడితే ఎవరికీ తెలియదన్న ధైర్యం మనకెప్పుడూ ఉంటుంది కదా, అక్కడే మొదలుపెట్టాను.

"ఏంటే ఇది? మూడు వారాలు గొడ్డులా చేశాను. నాశనం చేసి పెట్టావ్."

భాష ఎవరికీ రాదు గానీ, గొంతు అందరికీ తెలుస్తుంది. పక్క బల్ల దగ్గర ఈ దేశపు కివీ తల్లి తన బిడ్డను దగ్గరికి లాక్కుంది. టీచరు మా వైపు రాబోయి ఆగిపోయింది. ఎప్పుడూ నాకు ఇంగ్లీషులోనే జవాబు చెప్పే పిల్ల, ఆ రోజు వచ్చీరాని తెలుగులో, పైకి చూడకుండా చెప్పింది.

"ఆయన దిగలేదు నాన్నా. నేను చెప్పాను. నువ్వు వినలేదు."

సిగ్గుపడాల్సింది పోయి ఇంకా కోపం తెచ్చుకున్నాను. కారులో ఇంటిదాకా తిడుతూనే ఉన్నాను. ఆ తిట్లలో ఒక్కటీ ఇప్పుడు గుర్తులేదు, అద్దంలో కనబడిన దాని నడినెత్తి మాత్రం గుర్తుంది.

ఆ తర్వాత అది ఏ ప్రాజెక్టూ ఇంట్లో చేయలేదు. లైబ్రరీలో చేస్తుంది, ఫ్రెండ్ ఇంట్లో చేస్తుంది. ఇప్పుడు పదిహేనేళ్ళు. బడిలో ఏం జరిగిందే అంటే ఏం లేదంటుంది. తలుపు వేసుకునేటప్పుడు చప్పుడు కూడా చేయదు. గట్టిగా వేసినా బాగుండును, పోట్లాడేందుకైనా వీలుండేది. అలాంటప్పుడల్లా గరాజ్‌లోకి పోయి ఆ ఓడల్ని కాలికింద వేసి తొక్కాలనిపిస్తుంది. తొక్కితే నా పని తేలికైపోతుంది. అందుకే తొక్కను, ఎవరికీ ఇవ్వను.

పోయిన ఆదివారం అది బయటికి వెళ్ళినప్పుడు, శంఖం కడిగి తుడిచి దాని టేబుల్ మీద పెట్టి వచ్చాను. చీటీ రాద్దామనుకుని మాట దొరక్క మానేశాను.

మర్నాడు పొద్దున దీపం పెట్టబోతే, శంఖం మళ్ళీ దేవుడి గూట్లోనే ఉంది.